ఒళ్లో మానిటరు

తుక్కు అన్న మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఎవరూ నేర్పకుండానే నేను కంప్యూటరు నేర్చుకున్నది జనం తుక్కని పారేసిన వాటి మీదే. వాటిని విప్పి, తుడిచి, బతికించి, పాత పాటలు దాచుకోవడం నా సరదా.

తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజుల్లో, యూనివర్సిటీలో అమ్మకానికి పెట్టిన పాత మానిటరు ఒకటి కొని, ఒళ్లో పెట్టుకుని సిటీ బస్సులో కూర్చున్నాను. పక్క సీటావిడకు చోటు చాలలేదు.

“ఏంది పెద్దయ్యా, గీ తుక్కు?”

“తుక్కు కాదమ్మా! అద్దం మీద ఒక్క గీత లేదు, చూడు. ఇలాంటిది మళ్లీ దొరకదు.”

“నువ్వు గూడ మల్ల దొరకవ్ తియ్యి.”

బస్సంతా నవ్వింది. నాకు రోషం వచ్చింది. తార్నాక దాకా దాని గొప్పలు చెబుతూనే ఉన్నాను, ఆవిడ కసురుతూనే ఉంది.

చౌరస్తాలో ఒక్కసారిగా ఉరుకులాట మొదలైంది. ఎటునుంచో రాయి వచ్చి తగిలి మా కిటికీ పగిలింది. అందరం తలలు దాచుకున్నాం. ఆవిడ మాత్రం వంగి, నా మానిటరు అద్దాన్ని రెండు చేతులతో కప్పేసింది. ఆవిడ జుట్టు నిండా గాజు పెంకులు.

“బుద్ధుందా నీకు? తల కాపాడుకోక ఇదేం పని!” అని కేకలేశాను.

“దీనిమీద గీత పడితే నువ్వు ఊకుంటవా? మల్ల మొదటిసంది చెప్తవ్!” అని, కొంగు దులుపుకుని దిగిపోయింది.

ఆ మానిటరు ఇంకా నా దగ్గరే ఉంది. ఆన్ చేస్తే బొమ్మ రావడానికి చాలాసేపు పడుతుంది. అంతసేపూ ఆ నల్లటి అద్దం ముందు కూర్చుని ఆవిణ్ణి తిట్టుకుంటాను. దాని మీద ఇప్పటికీ ఒక్క గీత లేదు.