వియ్యపురాలితో నాలుగు మాటలు

మనవరాలు పుట్టకముందే, వియ్యపురాలితో నోరారా మాట్లాడాలని పంతం పట్టి ఫోన్‌లో చైనీస్ నేర్చుకున్నాను. తీరా ఆవిడ హాంకాంగ్ నుంచి పాయింట్ కుక్‌లోని మా అబ్బాయి ఇంటికి వచ్చాక తెలిసింది, నేను నేర్చుకున్నది మాండరిన్, ఆవిడది కాంటనీస్ అని. "మీరు ఇండియన్ మాట్లాడతారా?" అని ఈ పరాయి దేశంలో ఎవరైనా అడిగితే మండిపడేదాన్ని నేను. చేసిందేమో అచ్చం అదే.

నెల నిండాక పాపకు నీళ్ళు పోయబోయాను. బాత్రూంలో పీట వేసుకుని, చాచిన కాళ్ళ మీద పిల్లను బోర్లా పడుకోబెట్టి, చెంబు ఎత్తానో లేదో వియ్యపురాలు పరుగున వచ్చి పాపను లాక్కుపోయింది. మా వైపు నాయనమ్మలందరూ చేసే పనే అని ఆవిడకేం తెలుసు? ఆ రోజు నుంచి నేను గదిలోకి వెళితే చాలు, పాపను గుండెకు హత్తుకుని కూర్చునేది. నాకు ఒళ్ళు మండింది. అంతకు మించి ఏడుపొచ్చింది.

కోడలు వాళ్ళమ్మకు తాను చెబుతానంది. వద్దన్నాను.

"నువ్వు చెబితే నీ మాట మీద ఇస్తుందమ్మా. నన్ను నమ్మి ఇవ్వాలి. ఆ మాటలేవో నాకే నేర్పు."

పాపకు పాలిస్తూ నేర్పింది. వేడినీళ్ళు మాండరిన్‌లో 'రె ష్వే', కాంటనీస్‌లో 'యిత్ సొయ్'. వాటికి కాస్త చుట్టరికం ఉంది. స్నానానికి నేను బట్టీపట్టిన 'షీ జావ్'కీ, వాళ్ళ 'ఛుంగ్ లోంగ్'కీ ఏ పోలికా లేదు. భయపడక్కర్లేదు అనడానికి 'బూ యోంగ్ పా' పనికిరాదట, 'మ్ సాయ్ గెంగ్' అనాలట. రాగం తప్పితే కోడలు తల అడ్డంగా ఊపేది. పప్పు తాలింపు వేస్తూ, బట్టలు ఆరేస్తూ అవే మాటలు అనుకున్నాను. ఆఫీసు నుంచి వచ్చి మా అబ్బాయి నవ్వేవాడు. నవ్వుకోనీ అనుకున్నాను.

ఒక మధ్యాహ్నం బకెట్‌లో నీళ్ళు సరిచూసుకుని, పీట మీద కూర్చుని వట్టి కాళ్ళు చాపి, వియ్యపురాలిని పిలిచాను.

"ఛుంగ్ లోంగ్," అన్నాను. బకెట్ చూపించి, "యిత్ సొయ్. మ్ సాయ్ గెంగ్."

ఆవిడ నా కాళ్ళ వంక చాలాసేపు చూసింది. నీళ్ళలో మోచేయి ముంచి చూసుకుంది. వెళ్ళి పాపను తెచ్చి, తనే నా కాళ్ళ మీద పడుకోబెట్టింది.

ఇన్నాళ్ళూ పంతం పట్టినదాన్ని, తీరా చెంబు ఎత్తి, పాప వీపు దాకా తెచ్చి ఆగిపోయాను. ఆవిడ నా పక్కనే తడి నేల మీద చతికిలబడి, చెంబు కింద తన చెయ్యి పెట్టింది.

"మ్ సాయ్ గెంగ్," అంది నాతో.