పండరి సేటు ఇంటిల్లిపాదికీ రంగు పోయిన వైనం

ఫంక్షన్ హాల్ పండరిని, ఆయన ఇంటిల్లిపాదినీ భాగ్య ఒక్క పూటలో చంపేసిందని బాన్సువాడలో చెప్పుకుంటారు. కత్తి లేదు, మందు లేదు, చేతిలో మౌస్‌తోనే పని కానిచ్చిందట. అదీ పొరపాటున కాదు, కావాలనే చేసిందట. కళ్ళారా చూశామన్నవాళ్ళు ఊళ్ళో ఒక్కరూ లేరు. అయినా ఎక్కడ నలుగురు ఛాయ్‌కి కూర్చున్నా రెండో గుక్కకల్లా ఈ మాటే వస్తుంది. పండరి మాత్రం రోజూ పొద్దున్నే హాల్ ముందు కూర్చుని మిర్చి బజ్జీలు తింటూనే ఉన్నాడు. ఆ సంగతి ఎవరికీ పట్టదు.

భాగ్యది నస్రుల్లాబాద్. తండ్రి హన్మాండ్లు గోడల మీద అక్షరాలు రాసేవాడు. ఎరువులు, సిమెంటు, ఎలక్షన్ గుర్తులు, ఏదైనా సరే. ఆయన రాసిన అక్షరం చూసి ఎద్దులు కూడా ఆగిపోయేవట. తర్వాత ఫ్లెక్సీలు వచ్చాయి. హన్మాండ్లు బ్రష్‌లు డబ్బాలో ఎండి కట్టెలైపోయాయి. సరిగ్గా అప్పుడే కూతురు నిజామాబాద్ వెళ్ళి ఆ ఫ్లెక్సీల డిజైనే నేర్చుకుని వచ్చింది.

"నా అన్నంల మన్ను పోసిన పనే నేర్సినవా? సిగ్గు లేదా?" అన్నాడు ఆయన.

"నువ్వు రాసింది వానకు పోతది నాయినా, నేను కొట్టింది గాలికి పోతది. ఇద్దరిదీ పోయేదే. ఊకె లొల్లి దేనికి?" అంది ఆమె.

ఆ తర్వాత ఆరేళ్ళు తండ్రీకూతుళ్ళు ఒకరికొకరు నీళ్ళు కూడా అడగలేదంటారు.

భాగ్య దుకాణం పండరి ఫంక్షన్ హాల్ ముందున్న షట్టర్లలో చిట్టచివరిది. పక్క షట్టర్‌లో రహీమున్నిసా బట్టలు కుడుతుంది. భాగ్య నోరు తెరిస్తే ఆ కుట్టు మిషన్ చప్పుడు వినబడదు. పెళ్ళిచూపులకు వచ్చినవాడి బయోడేటా చూసి, "గులాబి మీద పసుపచ్చ అక్షరాలేంది? నీకు కండ్లున్నయా?" అని అడిగిందట. అతను బిస్కెట్ కూడా ముట్టకుండా లేచిపోయాడు. అంతటి మనిషి. అయినా జనం ఆమె దగ్గరికే వస్తారు. ఎవరి తల ఎంత సైజులో ఉండాలో ఆమెకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. లీడర్ తల గుమ్మడికాయంత, పక్కన ఉన్నోళ్ళవి టమాటాలంత, కింద యూత్‌వి శనగ గింజలంత. పోయిన పెద్దలైతే పైన మబ్బుల్లో.

ఫోటోల దగ్గర ఆమె చాలా కచ్చితం. ఒకసారి బిచ్కుంద నుంచి ఒకాయన కొడుకు పుట్టినరోజుకని ఆధార్ కార్డు మీది ఫోటో జిరాక్స్ పట్టుకొచ్చాడు. భాగ్య దాన్ని ఆయన మొహం మీదికే విసిరింది.

"నలుపు తెలుపు ఫోటో తెచ్చినవేందన్నా? పుట్టినరోజుకా, దినాలకా? రంగుల ఉంటే బతికున్నట్టు, రంగు లేకుంటే పోయినట్టు. గింత కూడ ఎర్క లేదా?"

ఈ మాట ఆ రోజు ఆ రోడ్డు మీద ఉన్న ప్రతివాడూ విన్నాడు. ఊరంతా ఇప్పటికీ ఈ మాటనే పట్టుకుని వేలాడుతుంది.

ఇక పండరి సంగతి. ఆయన హాల్‌కు ఎదురుగా కొత్త హాల్ ఒకటి లేచింది. అద్దాలు, ఏసీలు, పైగా వెబ్‌సైట్. పండరికి మూడు రోజులు అన్నం సహించలేదు. నాలుగో రోజు హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ చదివే కొడుకు ప్రకాష్‌ను పిలిపించాడు. ఇద్దరూ కలిసి భాగ్య దుకాణానికి వచ్చారు. వెనకాల పండరి బామ్మర్ది సంజీవ్ కూడా వచ్చాడు. అతనికి ఎన్నాళ్ళ నుంచో ఆ చివరి షట్టర్‌లో మొబైల్ దుకాణం పెట్టాలని ఉంది.

"వెబ్‌సైట్ చెయ్యి. మంచిగ చేస్తే ఉంటవ్. లేకుంటే షట్టర్ ఖాళీ చెయ్యి, మా సంజీవ్‌కు ఇస్త," అన్నాడు పండరి.

"ఖాళీ చేపిచ్చేది ముందే అనుకొని వచ్చినవా సేటూ? వెబ్‌సైట్ ఉత్త సాకా?"

"అట్లనే అనుకో."

భాగ్యకు ఆ షట్టర్ తప్ప ఇంకేమీ లేదు. ఫ్లెక్సీ మిషన్, కంప్యూటర్, పొద్దంతా తిట్టిపోయడానికి ఇంత రోడ్డు, అన్నీ అక్కడే. తీసేస్తే మళ్ళీ నస్రుల్లాబాద్‌కే పోవాలి. మాట్లాడని తండ్రి ముందు తల వంచుకుని కూర్చోవాలి. అందుకే పళ్ళు కొరుక్కుంటూ ఒప్పుకుంది.

ప్రకాష్ ఫోన్ నిండా ఇప్పుడు నడుస్తున్న డిజైన్లే. ఖాళీ జాగా ఎక్కువ వదలాలి, అక్షరాలు ఏనుగంత ఉండాలి అన్నాడు. భాగ్య అలాగే చేసి చూపించింది. తెల్లటి తెర మధ్యలో హాల్ పేరు ఒక్కటే.

పండరి మండిపడ్డాడు. "ఇదేంది, గోడకు సున్నమేసి పోయినట్టు? మిగిలిన జాగ ఎవరికి ఇడ్సిపెట్టినవ్, నీ మొగనికా?"

"నీ కొడుకునే అడుగు. గదే ఫ్యాషనంట. ఫ్లెక్సీల నేను వేలెడు జాగ ఇడిస్తే మనిషి పుటుక పుట్టినవా అని తిట్టింది నువ్వే."

తర్వాత ప్రకాష్ నల్ల బ్యాక్‌గ్రౌండ్ అన్నాడు. కంటికి చల్లగా ఉంటుందట, పెద్ద కంపెనీలన్నీ అదే పెడుతున్నాయట. ఆ నలుపు చూడగానే సంజీవ్ లేచి నిలబడ్డాడు.

"పెండ్లిల్లు జరిగే హాల్ బావా ఇది! నల్ల బట్ట కప్పింది చూడు! దీని మనసుల విషముంది."

"విషముంటే నీకే ముందు పోస్తుండె సంజీవ్. నీకు సుక్క సాలు, ఇంక మస్తుగ మిగిలేది," అంది భాగ్య.

నలుపు పోయింది. అద్దం వెనక నుంచి చూస్తున్నట్టు మసకగా కనబడే డబ్బాలు పెట్టారు. పండరికి అవి తుడవని కిటికీల్లా కనిపించాయి. తెర జరుపుతుంటే హాల్ బొమ్మ ఒక వేగంతో, పేరు ఇంకో వేగంతో కదిలేలా చేశారు. పండరికి తల తిరిగి వాంతి వచ్చినంత పని అయింది. రోజుకో కొత్తది పెట్టడం, రోజుకో తిట్టు తినడం. రహీమున్నిసా మిషన్ ఆపేసి మరీ వినేది. ఆ రోజుల్లో ఆమె కుట్టిన జాకెట్లన్నీ ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి.

చివరికి పండరి ఒక్క మాట తేల్చి చెప్పాడు. "నాకు గవన్నీ వద్దు. ఇంట్ల ఉన్నోళ్ళందరి ఫోటోలు వెయ్యి. ముందు నాది. పెద్దగ."

ఆయన అడిగింది ఫ్లెక్సీ పద్ధతే. ప్రకాష్ మొహం మాత్రం చేదు తిన్నట్టు అయింది. "అన్నీ రంగురంగులుంటే గలీజ్ కొడతది నాయినా. ఇప్పుడు ఫోటోలన్నీ నలుపు తెలుపుల పెడుతుండ్రు. మౌస్ మీదికి పోతే రంగొస్తది. మస్త్ ఉంటది. కింద ఒకటే లైన్ పెడుదాం, 'జ్ఞాపకాలే మిగులుతాయి' అని. పెండ్లి హాల్ కదా, సూపర్ ఉంటది."

భాగ్య కుర్చీలో నుంచి సగం లేచింది. "నలుపు తెలుపుల? సేటూ, ఒక్క మాట..."

"నోర్ముయ్! వాడు ఇంజినీరింగ్ చదువుతుండు, నువ్వు ఫ్లెక్సీలు కొట్టుకునేదానివి. చెప్పింది చెయ్యి," అని పండరి గద్దించాడు.

అప్పుడే భాగ్య కళ్ళు గుమ్మం వైపు తిరిగాయి. సంజీవ్ టేప్ పట్టుకుని షట్టర్ వెడల్పు కొలుస్తున్నాడు. గాజు కౌంటర్ ఎక్కడ పెట్టాలో గోడ మీద సుద్దముక్కతో గీత కూడా గీశాడు. ఆ గీత సరిగ్గా హన్మాండ్లు ఫోటో కింద పడింది. దుకాణం తెరిచిన రోజు నుంచి ఆ ఫోటో అక్కడే ఉంది. ఎవరికీ చెప్పకుండా ఆమె పెట్టుకుంది.

భాగ్య నోరు మూసుకుంది. మళ్ళీ కుర్చీలో కూర్చుంది. "సరే సేటూ," అంది. ఆ నోటి నుంచి ఆ మాట రావడం అదే మొదటిసారి అని రహీమున్నిసా ఒట్టు వేసి చెబుతుంది.

సాయంత్రానికి సైట్ తయారు. భాగ్య పెద్ద తెర మీద పండరి తల గుమ్మడికాయంత, బూడిద రంగులో. ఆయనే స్వయంగా మౌస్ పట్టుకుని తన మొహం మీదికి తెచ్చాడు. చెంపలకు ఎరుపు వచ్చింది, నుదుటి బొట్టు మెరిసింది, మెడలో గొలుసు పచ్చగా తేలింది.

"అబ్బబ్బ! పానం వచ్చినట్టే ఉన్నది!" అని మురిసిపోయాడు. పెళ్ళాం మీదికి తిప్పాడు, కొడుకు మీదికి తిప్పాడు, సంజీవ్ మీదికి తిప్పాడు. అందరికీ ప్రాణం వచ్చింది. ఆ ఊపులోనే లింకును చుట్టాల గ్రూపులు, వ్యాపారుల గ్రూపులు, పెళ్ళి పార్టీలు, అందరికీ పంపేశాడు.

ఫోన్లలో మౌస్ ఎక్కడిది?

మర్నాడు పొద్దున బిచ్కుందలో పండరి అక్క బక్కమ్మ ఫోన్ తెరిచింది. బూడిద రంగులో తమ్ముడు. పక్కన బూడిద రంగులో మరదలు, మేనల్లుడు, సంజీవ్. కింద 'జ్ఞాపకాలే మిగులుతాయి'. ఫోటో మీద వేలు పెడితే రంగు వచ్చేదే. కానీ చచ్చినవాళ్ళ మొహం మీద వేలు పెట్టేదెవరు? చేతులు జోడిస్తారు గానీ.

బక్కమ్మ పెట్టిన కేకకు బిచ్కుంద సంతలో తక్కెళ్ళు కదిలాయట. పదిమంది ఆడవాళ్ళను ఒకే ఆటోలో కుక్కుకుని బయలుదేరింది. దారిలో "తమ్మీ, నా తండ్రీ" అని ఫోన్‌లో ఉన్న తమ్ముడి చెంప నిమిరింది. వెంటనే చెంపకు రంగు వచ్చింది. ఆడవాళ్ళంతా కెవ్వున అరిచారు. భయంతో వేలు పక్కకు జరిపితే మళ్ళీ బూడిద. నస్రుల్లాబాద్ దాటేలోపు పండరి ఆ ఆటోలో ఏడుసార్లు చచ్చి ఏడుసార్లు లేచాడు. డ్రైవర్ రెండుసార్లు వరి మడిలోకి దింపబోయాడు.

బాన్సువాడలో పండరి హాల్ ముందు బజ్జీ తింటున్నాడు. బక్కమ్మ దిగింది, చూసింది, గుండెలు బాదుకోవడం ఆపింది. దగ్గరికి వెళ్ళి తమ్ముడి చెంప చెళ్ళుమనిపించింది.

"బతికుండి బజ్జీలు తింటున్నవారా? నేను తొవ్వంత ఏడ్సుకుంట వస్తి కదరా!"

ఆమె వెనకే ఇంకో ఆటో. దాని వెనక తలకు తువ్వాల చుట్టుకుని వ్యాపారులు. మహమ్మద్ నగర్ నుంచి హాల్ మాట్లాడుకుందామని వచ్చిన పెళ్ళివాళ్ళు గేటు దగ్గరే ఆగిపోయారు. మైల ఇంట్లో లగ్గమేంటని సణుక్కుంటూ నేరుగా ఎదుటి హాల్లోకి నడిచారు. పండరి కళ్ళముందే.

ఆయన ఉరుకుతూ చివరి షట్టర్ దగ్గరికి వచ్చాడు. వెనక ప్రకాష్, సంజీవ్, బక్కమ్మ, తువ్వాలలన్నీ.

"నన్ను చంపినవ్ కదనే! ఈ నిమిషం ఖాళీ చెయ్యి!"

భాగ్య కుర్చీలో నుంచి కదల్లేదు. "చేస్త. కంప్యూటర్ కూడ మోసుకపోత. నీ సైట్ పాస్‌వర్డ్ నా దగ్గరనే ఉన్నది. మీరంత గట్లనే పడి ఉండుండ్రి."

"ప్రకాష్, నువ్వు రంగెయ్యిరా!"

ప్రకాష్ నేల చూశాడు. "నాకు రాదు నాయినా. నేను చూసుడే."

రోడ్డు మీద ఇంకో ఆటో ఆగింది. అందులోంచి కొత్త ఏడుపు లేచింది. బక్కమ్మ తమ్ముడి మెడ పట్టుకుంది. "దాని షట్టర్ దానికే ఇడువురా గాడ్దీ! ముందు నీ మొకానికి రంగేపిచ్చుకో. ఇంక ఎంతమందిని ఏడిపిస్తవ్?"

"నా నోట్లకెల్లి రావాల్నా?" అని పండరి గొణిగాడు.

"గట్టిగ. అందరు ఇనేటట్టు," అంది భాగ్య.

అందరి ముందూ, ఏడ్చేవాళ్ళ ముందూ, ఆ చివరి షట్టర్ భాగ్యదేనని పండరి అరిచి చెప్పాడు. అప్పుడు భాగ్య మౌస్ అందుకుంది. పండరికి రంగు వచ్చింది. పెళ్ళానికి వచ్చింది, కొడుక్కి వచ్చింది. సంజీవ్ దగ్గరికి వచ్చేసరికి ఆమె వేలు ఆగింది. గోడ మీది సుద్దగీత వైపు ఒకసారి చూసి కంప్యూటర్ కట్టేసింది.

సంజీవ్ ఇప్పటికీ ఆ సైట్‌లో బూడిద రంగులోనే ఉన్నాడు. కింద జ్ఞాపకాలే మిగిలాయి. అతనికి వచ్చిన రెండు సంబంధాలు ఆ ఫోటో చూసి వెనక్కి పోయాయంటారు.

మొన్న రహీమున్నిసా ఉండబట్టలేక అడిగింది. "భాగ్యా, సచ్ బోల్. నువ్వు కావాలనే చేసినవ్ కదా?"

భాగ్య ఫ్లెక్సీ మీద ఎవరిదో తల పెంచుతూ, ఇటు తిరగకుండానే కసిరింది. "ఏది కావాలని? ఎవరు చెప్పిండ్రు నీకు? పండరి సేటుకు వెబ్‌సైట్ ఎక్కడిది? నాకు వెబ్‌సైట్లు రానే రావు, నేను ఫ్లెక్సీలు కొట్టుకునేదాన్ని. బక్కమ్మ ఎవరో నేను చూడనే లేదు. గా సంజీవ్ అంటవా, పాపం, ఆయన పోయి శానా రోజులైంది కదా?"