చెయ్యి తీసే వేళ

మాకు విమానం నడపడం నేర్పిన సారుదీ మా సిరిసిల్లే, మాలాగే మరమగ్గాల ఇల్లే. పోగు తెగితే సాంచను, అంటే ఆ మరమగ్గాన్ని, టక్కున ఆపడం చిన్నప్పటి నుంచీ నా చేతికి అలవాటు. అందుకే సిమ్యులేటర్‌లో టేకాఫ్‌కి పరుగెడుతూ, ఇక ఆగలేనంత వేగం అందుకున్నాక ఒక ఇంజన్ పోతే, పవర్ లివర్లు వెనక్కి లాగేశాను. రన్‌వే దాటి పొలాల్లో పడ్డాం, తెర మీదే.

సారు కోప్పడలేదు. "గిది సాంచ గాదు బిడ్డా. గా వేగం దాటినంక ఆపితెనే ముప్పు. ఒక్క ఇంజనైనా లేపుతది. లివర్ల మీదికెల్లి చెయ్యి తియ్యి" అన్నారు. తాను నడిపినా అంతే, ఆ వేగం రాగానే చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకునేవారు.

నేను కెప్టెన్‌నయ్యాక ఊరికెళ్తే, తిరుగు ప్రయాణంలో, అప్పటికి ఊళ్లోనే ఉంటున్న సారే బస్సెక్కించారు. కిటికీ ఊచ పట్టుకుని జాగ్రత్తలు చెబుతూనే ఉన్నారు. బస్సు కదిలింది. నాలుగడుగులు వెంట నడిచి, అది వేగం అందుకోగానే చెయ్యి తీసేశారు.