పార్కులో నలభై అడుగులు

ట్వైలా ఫ్యూగేట్ అంటే మా ఊళ్ళో ఇప్పుడు అందరిదీ ఒకటే మాట: పార్కులోకి తుపాకులు రప్పించిన మనిషి. ఆ మాట అనేవాళ్ళలో సగం మంది ఆమెతో పట్టుమని పది మాటలు మాట్లాడిన పాపాన పోలేదు. నేను పదకొండేళ్ళుగా ఆమెతో కలిసి వృద్ధాశ్రమం లాండ్రీలో దుప్పట్లు మడతపెడుతున్నాను. ఒకే దుప్పటికి చెరో అంచూ పట్టుకునే ఇద్దరు ఆడవాళ్ళ మధ్య దాపరికాలు ఎక్కువ రోజులు నిలవవు. కాబట్టి ఆ సంగతేదో నేనే చెబుతాను.

ట్వైలా నియమం తప్పే మనిషి కాదు. రోడ్డు ఖాళీగా ఉన్నా సరే, ఎర్రదీపం కనిపిస్తే ఆగుతుంది. మా కెంటకీ రాష్ట్రంలో తుపాకీ వింతేమీ కాదు, మా నాన్న వంటింటి గుమ్మం పైనే పెట్టేవాడు. అయినా ముప్పై నాలుగేళ్ళు వచ్చేదాకా ఆమె దాన్ని ముట్టుకోలేదు. డెల్మర్ నుంచి విడాకులు తీసుకున్నాకే ఒక చిన్న పిస్తోలు కొనుక్కుంది.

డెల్మర్ ఆమె మాజీ మొగుడు. ఒంటి మీద గుర్తు మిగిలే పని ఏనాడూ చెయ్యలేదు, అంత తెలివైనవాడు. విడిపోయాక ఒక మధ్యాహ్నం ఆమె వెనకే వచ్చి, ఇంటి ముందు ట్రక్కు ఆపి, ఇంజను ఆపకుండా మూడు గంటలు కూర్చున్నాడు. దిగలేదు, నోరు విప్పలేదు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. జడ్జి దగ్గరికి వెళ్తే, "రోడ్డు మీద బండి ఆపుకోవడం నేరం కాదమ్మా" అన్నాడు. పైగా వాళ్ళ ఆరేళ్ళ కూతురు మేసీని రెండు వారాలకోసారి తండ్రికి అప్పగించాలని ఉత్తర్వు రాశాడు. శుక్రవారం సాయంత్రం ఐదింటికి, ఊరి పార్కులో, పిక్నిక్ షెడ్డు ముందు. నలుగురూ తిరిగే చోటైతే ఆమెకే మంచిదట.

ఆ పార్కు గేటుకే ఊరి బోర్డు ఉంది: తుపాకులు తీసుకురాకూడదు.

అంటే ఊరంతా ఆమె పిస్తోలుతో తిరగొచ్చు. ఆ మనిషికి ఎదురుపడక తప్పని ఆ ఒక్క చోట మాత్రం ఖాళీ చేతులతో నిలబడాలి. చోటు మార్చమంటే జడ్జి మార్చలేదు. బోర్డును లెక్కచెయ్యకుండా వెళ్తే కేసు పడుతుంది. కేసు పడితే డెల్మర్ లాయరు పిల్లను లాగేసుకుంటాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఒక సోమవారం దుప్పటి మడతపెడుతూ సగంలో ఆగిపోయింది.

"మొన్న ఏమన్నాడో తెలుసా అక్కా? 'ఇక్కడ నీ దగ్గరేమీ ఉండదు కదా' అన్నాడు. అంతే. పిల్ల సంచీ అందుకుని నవ్వాడు."

"మేసీ విందా?"

"వింది. ఏముండదమ్మా అని నన్నడిగింది."

ఆ రోజు నుంచి మధ్యాహ్నం పూట చిక్కుళ్ళూ మొక్కజొన్న రొట్టే ముందు పెట్టుకుని చట్టాలు చదవడం మొదలుపెట్టింది. తుపాకుల మీద ఊళ్ళు సొంతంగా నియమాలు పెట్టకూడదని రాష్ట్ర చట్టంలో ఉందని కనిపెట్టింది. బోర్డు తీయించాలని నగర సభకు అర్జీ పెడతానంది. నేను చిలక్కి చెప్పినట్టు చెప్పాను.

"పిల్లా, ఇది కొరివితో తల గోక్కోవడమే. ఊరంతా నీ మీద పడుతుంది."

"పడనీ. శుక్రవారం ఐదింటికి ఊరంతా వచ్చి నా పక్కన నిలబడుతుందా?"

ఆ అర్జీ కింద రెండో సంతకం నేనే పెట్టాను.

సభలో మాట్లాడటానికి ఒక్కొక్కరికీ మూడు నిమిషాలే ఇస్తారు. మేయరు హోబర్ట్ ఆమెను చూసి, "ఏం ట్వైలా, దుప్పట్లో చుట్టి తెస్తావా ఏంటి?" అన్నాడు. జనం నవ్వారు. ఆమె చట్టాన్ని అక్షరం వదలకుండా చదివింది.

తర్వాత ఎల్వుడ్ లేచాడు. ముప్పై ఏళ్ళుగా ఆ పార్కులోనే పిల్లలకు బేస్‌బాల్ నేర్పుతున్న పెద్దమనిషి. "నీ కష్టం నాకు తెలుసమ్మా. కానీ బెంచీ మీద కూర్చున్నవాడి నడుముకు తుపాకీ ఉంటే నేను పిల్లల్ని ఎలా ఆడించను?"

"మీరన్నది నిజమే సార్," అంది ట్వైలా. "మరి నన్నేం చెయ్యమంటారో అదొక్కటి చెప్పండి."

ఆయన కూర్చున్నాడు. కోర్టుకెళ్తే మనం ఓడిపోతామని ఊరి లాయరు చెప్పాడు. సభ్యుల్లో నలుగురు ఔనన్నారు, ముగ్గురు కాదన్నారు. ఆ హాల్లో అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది నేనే.

సోమవారం బోర్డు తీసేశారు. శుక్రవారం నేనూ ఆమె కార్లో వెళ్ళాను. ఆమె కోటు కింద పిస్తోలుంది. ఆమె ముఖం చాన్నాళ్ళకు కాస్త తేటగా కనిపించింది.

సరిగ్గా ఐదింటికి డెల్మర్ ట్రక్కు వచ్చింది. దిగాడు. చొక్కా లోపలికి దోపుకున్నాడు. నడుముకు తోలు పట్టీలో, అందరికీ కనబడేలా, తుపాకీ.

ఇన్నాళ్ళూ ఆ బోర్డు అతన్ని కూడా ఆపుతోంది. ఆరు నెలలు పోరాడాం. ఆ ఆలోచన మా ఇద్దరిలో ఒక్కరికీ రాలేదు.

"థాంక్స్ ట్వైలా," అన్నాడు అక్కణ్ణించే. "నాకూ వీలు చేశావు."

రెండు బండ్ల మధ్య నలభై అడుగులుంటుంది. పెద్దవాళ్ళిద్దరూ ఎక్కడివాళ్ళక్కడే నిలబడితే పిల్ల ఒక్కతే నడిచి వెళ్ళడం వాళ్ళ అలవాటు. నేను కార్లోనే ఉన్నాను, ట్వైలా దిగి పక్కన నిలబడింది. మేసీ సంచీ తగిలించుకుని దిగింది. ట్వైలా చెయ్యి కోటు కిందికి వెళ్ళింది. అటు అతని చెయ్యి కూడా నడుము మీదికి వెళ్ళి అక్కడే ఆగింది. పిల్ల రెండడుగులు వేసింది.

"మేసీ, ఆగమ్మా."

ట్వైలా నా వైపు తిరిగి, పిస్తోలు తీసి కిటికీలోంచి నా ఒళ్ళో పెట్టింది.

"పట్టుకో అక్కా."

"మతి పోయిందా నీకు? దీనికోసమే కదే ఇంత చేసింది."

"మధ్యలో పిల్ల ఉంది," అంది.

కోటు విప్పి కారు బానెట్ మీద పడేసింది. ఖాళీ నడుము అతనికి కనబడేలా ఒక్క క్షణం నిలబడి, మేసీని తన వెనక ఉంచుకుని, ఆ చిన్న చెయ్యి పట్టుకుని నడిచింది. డెల్మర్ నవ్వు మానేశాడు కానీ చెయ్యి మాత్రం తియ్యలేదు. ఆమె అతని పక్కనుంచే వెళ్ళి, పిల్లను ట్రక్కు ఎక్కించి, బెల్టు పెట్టి, ముద్దు పెట్టుకుంది. తర్వాత అతనికి వీపు తిప్పి ఆ నలభై అడుగులూ తిరిగి నడిచింది. నా జీవితంలో అంత భయం నేనెప్పుడూ ఎరగను.

ట్రక్కు గేటు దాటాక వచ్చి స్టీరింగు ముందు కూర్చుంది. పిస్తోలు తీసుకొమ్మని చెయ్యి చాపాను. తీసుకోలేదు.

"ఎల్లుండి ఆరింటికి మళ్ళీ రావాలక్కా, పిల్లను తెచ్చుకోవడానికి," అంది.