ముందు గుమ్మం

కిస్టెన్ గురించి మార్‌బర్గ్‌లో ఎవరినడిగినా ఒకటే మాట: బంగారంలాంటి మనిషి, నోట్లో నాలుక లేనివాడు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండేది. నలభై మూడేళ్ళ మగవాడికి నోట్లో నాలుక ఎందుకు లేదని ఒక్కరైనా అడగరేం? అడగరు. పైకి పెద్దమనిషిలా కనిపిస్తే చాలు, లోపల ఏం ఉడుకుతోందో ఎవరికి కావాలి!

మా ఆయన లెక్కల మాస్టారు. ఇక్కడ తెల్లవాళ్ళకే కాక అందరికీ ఓటు వచ్చిన రెండేళ్ళకి అమలాపురం నుంచి వచ్చి పోర్ట్ షెప్‌స్టోన్‌లో ఒక హైస్కూల్లో చేరారు. పక్కనే మార్‌బర్గ్‌లో కిస్టెన్ వాళ్ళింటి పెరట్లో రెండు గదులు అద్దెకిచ్చారు మాకు. వాళ్ళమ్మ పేరు అప్పలమ్మ. తాతలు మన దేశం నుంచి ఓడలో కూలికొచ్చినవాళ్ళు, ఆవిడ పుట్టింది ఇక్కడే, ఉమ్‌హ్లాలి దగ్గర చెరుకు ఎస్టేటులో. ఆవిడ తెలుగు వింటే మా తాతమ్మ లేచొచ్చి మాట్లాడుతున్నట్టుండేది. నేను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. కూతురు పర్ల్ డర్బన్‌లో నర్సు, పిల్లల వార్డులో. కిస్టెన్‌కి పెళ్ళి కాలేదు, తల్లి దగ్గరే ఉండేవాడు.

సముద్రం ఒడ్డున ఒక హోటల్లో, నేలకింద గదిలో లాండ్రీ పని అతనిది. ఉతికి ఆరిన దుప్పటికి ఒక కొస అతను, ఇంకో కొస ఒక జులూ ఆవిడ పట్టుకుని, ఎదురెదురుగా నడిచి మడతపెట్టడం. ఏళ్ళ తరబడి ఇద్దరూ అదే చేశారు. మాట్లాడుకోవలసిన పని లేదు. ఇంటికొచ్చాక బూట్లు విప్పి, చీకటి పడేదాకా బట్టలు ఆరేసే తీగ చుట్టూ తిరిగేవాడు, చేతివేళ్ళు చెంపల పక్కన ఆడిస్తూ. మా వంటింట్లో కుక్కర్ కూత పెడితే చెవులు మూసుకుని గోడకు అతుక్కుపోయేవాడు. అందుకని నేను కుక్కర్ పెట్టే ముందు కిటికీలోంచి కేకేసి చెప్పేదాన్ని. ఎవరైనా ఇంటికొస్తే మాత్రం పెద్దమ్మ "కిస్టెన్" అని ఒక్క పిలుపు పిలిచేది. వేళ్ళు ఆగిపోయేవి. మనిషి వెంటనే బూట్లు వేసుకుని, నవ్వుతూ కుర్చీలో కూర్చునేవాడు.

తొంభై ఎనిమిదిలో హోటల్ చేతులు మారింది. దుప్పట్లు డర్బన్ కంపెనీకి లారీలో పోవడం మొదలైంది, కింద గదికి తాళం పడింది. పాత మనుషుల్ని తీసేయకుండా వేరే పనుల్లో పెడతామన్నారు కొత్తవాళ్ళు. కిస్టెన్‌ని ముందు గుమ్మంలో పెట్టారు. ఎర్ర కోటు, ఛాతీ మీద పేరు, వచ్చిన ప్రతివాడికీ నవ్వి "గుడ్ మార్నింగ్" చెప్పి పెట్టె అందుకోవడం.

మార్‌బర్గ్ అంతా పండగ చేసుకుంది. పాత రోజుల్లో ఆ హోటల్ ముందు గుమ్మంలో ఇండియన్ కాలు పెట్టడానికి వీల్లేదు, పనివాళ్ళయితే చెత్తడబ్బాల పక్కనుంచి వెళ్ళాలి. ఇప్పుడు అదే గుమ్మంలో మనవాడు నిలబడ్డాడు! గుడిలో పెద్దమ్మ చేతులు పట్టుకుని మెచ్చుకున్నారట. ఆవిడ కూడా మురిసిపోయి, ఎర్ర కోటు తానే ఇస్త్రీ చేసేది.

కిస్టెన్ ఇంటికొచ్చి తీగ చుట్టూ తిరగడం మానేశాడు. బూట్లతోనే మంచం కింద దూరి పడుకునేవాడు. అన్నం తగ్గిపోయింది. "పని కొత్త కదా, అలవాటవుతాది" అనేది తల్లి. ఏం అలవాటు! నిప్పుల మీద నిలబెట్టి అలవాటవుతుందంటే అవుతుందా?

ఒకరోజు ఎవరో టూరిస్టు, తాగి ఉన్నాడో సంతోషంలో ఉన్నాడో, వెనకనుంచి వచ్చి కిస్టెన్ వీపు మీద ఫట్‌మని చరిచాడు. కిస్టెన్ తోసేశాడు. వాడు పెట్టెల మీద పడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. కిస్టెన్ వెళ్ళి తాళం వేసిన కింద గది తలుపు దగ్గర చెవులు మూసుకుని కూర్చున్నాడు. ఎవరు చెప్పినా లేవలేదు. చివరికి పెద్దమ్మని కారులో తీసుకెళ్ళి లేపించారు.

పాత రోజులైతే ఆ సాయంత్రమే పొమ్మనేవాళ్ళు. ఇప్పుడు కొత్త చట్టం, విచారణ జరపాలి. యూనియన్ మనిషి శాంగె ఇంటికొచ్చి సంగతి విడమరిచి చెప్పాడు: కావాలని కొట్టాడని తేలితే ఉద్యోగం పోతుంది. ఒకవేళ తప్పు ఒప్పుకుని బతిమాలితే వదిలేస్తారు గానీ మళ్ళీ ముందు గుమ్మంలోనే నిలబెడతారు. అదే, ఇతనికి ఫలానా ఇబ్బంది ఉందని డాక్టరు రాసిస్తే, అతను చేయగలిగిన పని చూపించాల్సిన బాధ్యత వాళ్ళది.

పర్ల్ ఈ మాటకోసమే కాచుకుని ఉన్నట్టుంది. ఎనిమిదేళ్ళ క్రితం ఆమె వార్డులోకి ఒక ఆరేళ్ళ పిల్లాడు వచ్చాడట. గిన్నె మూత తిప్పుతూ, వేళ్ళు ఆడిస్తూ, పేరు పెట్టి పిలిస్తే పలకకుండా. "ఆడు మా అన్నే ఆంటీ, చిన్న సైజులో" అంది నాతో. ఆ పిల్లాడికి ఆటిజం అన్నారు. ఇంటికొచ్చి తల్లికి చెబితే, మా ఇంట పిచ్చి నేదు అని నోరు మూయించిందట. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు పెద్దమ్మకి.

డర్బన్‌లో డాక్టర్ ఐరీన్ అని ఒక సైకాలజిస్టు దగ్గర పర్ల్ అపాయింట్‌మెంట్ తీసుకుంది. తల్లితో కూడా మాట్లాడాలి, సొంతవాళ్ళు కాకుండా బయటివాళ్ళెవరైనా తల్లి మాటల్ని ఇంగ్లీషులోకి మార్చి చెబితే మంచిదంది ఆవిడ. తెల్లవాళ్ళ ముందు పెద్దమ్మ ఇంగ్లీషు ఆవిరైపోతుంది. అలా నేను వెళ్ళాల్సి వచ్చింది.

బయల్దేరే రోజు పొద్దున పెద్దమ్మ వంటింట్లోంచి మాటలు వినబడ్డాయి. "సెయ్యి గట్టిగా పట్టు, నలపకు. కళ్ళలోకి సూడనేకపోతే బొట్టు పెట్టుకునే సోట సూడు, ఆల్లకి తెల్దు. అడిగినదానికి ఓ ముక్క ఎక్కువ సెప్పు. అయ్యాక నువ్వూ ఓటి అడుగు." కిస్టెన్ ప్రతిదానికీ "సరే అమ్మా" అంటున్నాడు. బయటికొచ్చేసరికి గోధుమరంగు సూటు, తలకు నూనె. పర్ల్ ఆ సూటు చూసి తల పట్టుకుంది. అది కిస్టెన్ పెళ్ళిచూపుల సూటు. ఎనభైల్లో ఆ సూటు వేసి టొంగాట్ నుంచి స్టాంగర్ దాకా ఎన్నో ఇళ్ళకి తిప్పిందట తల్లి. మొదటి చూపు ఎప్పుడూ తప్పలేదట, అందరికీ నచ్చేవాడు. రెండోసారి అమ్మాయితో విడిగా కూర్చోబెట్టాక సంబంధం నిలిచేది కాదు.

డాక్టర్ ఐరీన్ ముందు కూడా మొదటి చూపు తప్పలేదు. చెయ్యి కలిపాడు, నుదుటి మీద చూశాడు, నవ్వాడు. స్నేహితులున్నారా అంటే ఉన్నారన్నాడు, హోటల్లో పెద్ద కుటుంబంలా ఉంటామని ఒక ముక్క ఎక్కువ చెప్పాడు. "మీ పిల్లలు బాగున్నారా డాక్టర్?" అని అడిగాడు. ఆవిడ ముచ్చటపడింది. నాకు ఏడుపొచ్చింది, ఎందుకంటే బల్ల కింద బొటనవేలు చర్మం రక్తం వచ్చేలా గిల్లుకుంటున్నాడు, ఆవిడకి కనబడటం లేదు.

తర్వాత తల్లి వంతు. ఏ వయసులో మాటలొచ్చాయి? అందరికంటే ముందే. పిల్లలతో ఆడేవాడా? ఎస్టేటు పిల్లలంతా ఆడి వెనకాలే. చప్పుళ్ళకి భయపడేవాడా? పులిబిడ్డ, భయమేటి! కుక్కర్ కూతకి గోడకు అతుక్కుపోయే మనిషి గురించి ఆ మాట! ఆ అబద్ధాలన్నీ నా నోటితో ఇంగ్లీషులోకి మార్చాలి. అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా నేను మధ్యలో మనిషిని, ఆవిడ అన్నదే చెప్పాలి.

డాక్టరమ్మ దాపరికం లేకుండానే మాట్లాడింది. తాను పిల్లల్నే ఎక్కువ చూసిందట. పెద్దవాళ్ళు, అందులోనూ మగవాళ్ళు, ఏళ్ళ తరబడి అందరిలా నటించడం నేర్చుకుని ఉంటే పైకి కనబడదట. కానీ ఆటిజం పుట్టుకతో వచ్చేది, నడివయసులో మొదలయ్యేది కాదు. చిన్నప్పటి గుర్తులు ఉండి తీరాలి. వాటికి సాక్షి తల్లి ఒక్కతే. ఆవిడ ఏమీ లేదంటుంటే తాను ఎలా రాస్తుంది? సిగ్గరి, కాస్త కంగారు మనిషి, అంతే రాయగలనంది.

తిరుగు ప్రయాణంలో పర్ల్ బండి నడుపుతూ పళ్ళు కొరుకుతోంది. పెద్దమ్మ ముందు సీట్లో, నేనూ కిస్టెన్ వెనక. స్కాట్‌బర్గ్ దాటాక కిస్టెన్ అడిగాడు, "అమ్మా, నేను పాసయ్యానా?"

"ఫస్టు కిలాసు," అంది పెద్దమ్మ.

"అయితే మళ్ళీ డోర్ కాడికేనా?"

కిస్టెన్ నుదురు కారు అద్దానికి ఆనించి, మెల్లగా కొట్టుకోవడం మొదలుపెట్టాడు. గట్టిగా కాదు. ఒకటే తీరుగా, ఆపకుండా. నేను చెయ్యి అడ్డం పెడితే నా చేతి మీద కొట్టుకున్నాడు. ముందు సీట్లో పెద్దమ్మ వెనక్కి తిరగలేదు. మార్‌బర్గ్ దాకా ఆ చప్పుడు వింటూనే ఉంది.

ఇంటికొచ్చాక నేను ఊరుకోలేదు. కొడుకుని కాపాడుతున్నావా, బతికుండగానే పాతిపెడుతున్నావా పెద్దమ్మా అని అడిగేశాను. "కడుపు సించుకుంటే కాళ్ళ మీద పడతాది" అని ఒక్క మాట అని తలుపేసుకుంది. మర్నాడు తెల్లారకుండానే మా గుమ్మంలో నిలబడింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"పర్లుకి ఫోను సెయ్యి బిడ్డా. ఆ దొరసాని కాడికి మల్లీ పోవాల."

రెండోసారి కిస్టెన్‌కి సూటు వేయలేదు, ఏమీ నేర్పలేదు. తల్లితో మాట్లాడేటప్పుడు కొడుకు బయట కూర్చుంటే మంచిదని డాక్టరమ్మ అంది. పెద్దమ్మ ఒప్పుకోలేదు, ఆడి ముందే చెబుతానంది.

చెప్పింది. అయిదేళ్ళదాకా మాట లేదు. పిలిస్తే పలకడు, చెవుడేమో అనుకున్నారు. గిన్నె మూత నేలమీద తిప్పితే పొద్దల్లా అదే లోకం. చెరుకు మిల్లు సైరన్ మోగితే తల గోడకేసి కొట్టుకునేవాడు. ఎస్టేటులో పక్కింట్లో అచ్చం ఇలాంటి పిల్లాడే ఉండేవాడు. తల్లి అమాయకురాలు, ఎస్టేటు డాక్టరుకి చూపించింది. తెల్ల బండి ఒకటి వచ్చి ఆ పిల్లాణ్ణి పిచ్చాసుపత్రికి తీసుకుపోయింది. మళ్ళీ రాలేదు. బతికున్నాడో పోయాడో కూడా ఆ తల్లికి ఎవరూ చెప్పలేదు. ఆ రోజునుంచి పెద్దమ్మ కిస్టెన్ వేళ్ళు గుడ్డతో కట్టేసి కూర్చోవడం నేర్పింది. నవ్వడం నేర్పింది. మనుషుల మొహాన ఎక్కడ చూడాలో నేర్పింది. పెళ్ళిచూపులకని కాదు, బండి రాకుండా ఉండటానికి.

నేను ఒక్కో మాటా ఇంగ్లీషులోకి మార్చి చెబుతున్నాను. డాక్టరమ్మ రాయడం ఆపేసి వింటోంది. అప్పటిదాకా కిటికీ వైపు చూస్తున్న కిస్టెన్ తల్లి వైపు తిరిగాడు.

"అయితే నీకు ఎరికేనా అమ్మా?"

"మూడేళ్ళప్పుడే ఎరిక."

"నాకు ఎరిక లేదు," అన్నాడు. "అందరికీ లోపల ఇలాగే ఉంటది అనుకున్నా. వాళ్ళు స్ట్రాంగ్, నేనే లేజీ అనుకున్నా."

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటేనే బాగుండేది, ఆవిడ తట్టుకునేది. నలభై ఏళ్ళు పక్కపక్కనే ఉండి ఒకరి దగ్గర ఒకరు దాచుకున్నారు ఆ తల్లీ కొడుకులు. ఎవరి మీద కోప్పడాలో నాకు తెలియలేదు. ఆ తెల్ల బండిని కనిపెట్టినవాడు ఎదురుగా ఉంటే గొంతు పిసికేదాన్ని.

డాక్టరమ్మ కిస్టెన్‌ని విడిగా ఇంకా చాలాసేపు అడిగింది. ఈసారి అతను ఎక్కడ చూడాలనుకున్నాడో అక్కడే చూశాడు, గోడ మీద. వేళ్ళు ఆడించుకున్నాడు. స్నేహితులు లేరన్నాడు. ఆటిజమని ఆమె రాసిన కాగితం మీదే తర్వాత విచారణలో హోటల్ వాళ్ళు దిగొచ్చి, లోపల సామాన్ల గదిలో తువ్వాళ్ళు, సబ్బులు సర్దే పని ఇచ్చారు. కిటికీ లేని గది. ఎర్ర కోటు వాపసు చేశాడు. ముందు గుమ్మం పోగొట్టుకున్నాడని గుడిలో కొందరు జాలిపడ్డారు కూడా. వాళ్ళ తెలివి తెల్లారినట్టే ఉంది.

అదంతా తర్వాత. ఆ రోజు డాక్టరమ్మ కలం మూసి, అయిపోయింది, మీరిక వెళ్ళవచ్చు అంది. నేను పెద్దమ్మకి చెప్పాను. ఆవిడ కుర్చీలోంచి లేవలేదు. "కారు డిక్కీలో సంచి పెట్టాను, తే," అంది పర్ల్‌తో. ఏం సంచి అని పర్ల్‌కీ తెలియదు. వెళ్ళి తెచ్చింది. పెద్దమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుని విప్పి చూసుకుంది. కిస్టెన్ చొక్కాలు, తువ్వాలు, పళ్ళ బ్రష్షు. వాటి కింద ఆవిడ చీరలు రెండు, బీపీ మందుల సీసా.

"బండి ఎప్పుడొస్తాదో దొరసానిని అడుగు బిడ్డా," అంది నాతో. "ఆడితో నాను కూడా ఎల్తాను. ఆడొక్కడూ ఉండనేడు."

ఆ ఒక్క మాట నేను ఇంగ్లీషులోకి మార్చలేదు. పర్ల్ గోడకి ఆనుకుని ఏడుస్తోంది. కిస్టెన్ లేచి, తల్లి ఒళ్ళోంచి సంచి తీసి భుజాన వేసుకున్నాడు.

"ఏ బండీ రాదు అమ్మా. పర్ల్ కారే ఉంది. ఇంటికి పోదాం."

ఆవిడ లేచి వచ్చింది గానీ నమ్మలేదు. ఈసారి వెనక సీట్లో కొడుకు పక్కన కూర్చుని, దారిలో తెల్ల వ్యాన్ ఏది కనబడినా అతని చెయ్యి పట్టుకుంటూ, మార్‌బర్గ్ చేరేదాకా వెనక అద్దంలోంచి రోడ్డు చూస్తూనే ఉంది.