లవంగ నూనె కలిపిన బిళ్ల

గోదావరిఖనిలో ఆమె, నేను ఒకే కాలేజీ ల్యాబులో పరిశోధన చేసేవాళ్లం. ఆమె నాకంటే చిన్నది, బెల్లంపల్లి బొగ్గుగని కార్మికుడి బిడ్డ. ఏ ఫలితం వచ్చినా సంతోషపడకుండా "ఇంకోసారి చూద్దామన్నా" అనేది. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండేది.

మందులకు లొంగని బ్యాక్టీరియా మీద రెండేళ్లు ఆకుల రసాలన్నీ ప్రయత్నించి నేను ఓడిపోయాను. ఆమె పాత యాంటిబయాటిక్‌కే కొంచెం లవంగ నూనె కలిపింది. విడివిడిగా రెండూ పనిచేయలేదు. రెండూ కలిపి తడిపి పెట్టిన చిన్న కాగితపు బిళ్ల చుట్టూ మాత్రం బ్యాక్టీరియా పెరగక, గాజు ప్లేటు మీద తేటగా ఒక వలయం ఏర్పడింది.

"ఇది ప్లేటు మీది ముచ్చటనే. మనిషికి మందు కావాలంటె ఇంక శాన దూరముంది. నువ్వు గూడ ఒకసారి చేసి చూడన్నా" అంది.

ఆమె ఫలితం తప్పని తేలాలని కోరుకుంటూనే చేశాను. నా ప్లేటులోనూ అదే వలయం. దాన్ని ఫ్రిజ్ అడుగున దాచి, "నాకేం రాలే చెల్లె" అన్నాను.

ఆమె నన్ను అనుమానించలేదు. "గట్లయితె తప్పు నాదే ఉంటది" అంటూ నోటుబుక్కులో ఫలితం కొట్టేసి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది. వలయం మళ్లీ వచ్చినా నమ్మక, వారం రోజులు అన్నం కూడా ల్యాబు గడప మీదే తిన్నది.

ఇక చూడలేక నా ప్లేటు తెచ్చి ఆమె ముందు పెట్టాను.

"ఎందుకు దాచినవ్?"

"నాకు రావాల్సింది నీకొచ్చిందని."

ఆమె నా ప్లేటును వెలుతురుకు ఎత్తి చూసింది. తర్వాత వలయం కొలిచే స్కేలు నా చేతికిచ్చింది. "అయితే నువ్వే కొలువు. తక్కువ రావాలని చూసేటోడు కొలిస్తె ఎవరైన నమ్ముతరు."

కొలిచాను. ఒక్క మిల్లీమీటరు కూడా తగ్గించి చెప్పలేకపోయాను. ఆ వలయం ఆమెకు దక్కిందన్న కుళ్లు ఎప్పుడో పోయింది గానీ, ఆ స్కేలు నా చేతికివ్వగలిగిన ఆమె నిబ్బరం మీద మాత్రం నాకిప్పటికీ ఈర్ష్యే.