పలాసలో నేను అమ్మబోయిన ఫోను

పలాసలో సెల్‌ఫోన్ల షాపుకి ఇంటర్వ్యూకి వెళ్ళే నాటికి ఇంట్లో నా బ్యాగు సర్ది ఉంది. ఉద్యోగం వస్తే సరి. రాకపోతే గురువారం రైలెక్కి, మేనమామతో గుజరాత్‌లోని వీరావల్ వెళ్ళి, చేపల బోటులో పనికి చేరాలి. మా ఉద్దానం తీరంలో పదోక్లాసు తప్పినవాడూ డిగ్రీ పాసైనవాడూ చివరికి అదే బోటులో కలుస్తారు. నేను డిగ్రీ పాసైన రకం.

షాపులో ఏసీ చల్లగా ఉంది. ఓనరు నా సర్టిఫికెట్లు తిరగేసి, ఫొటోతో నా మొహం పోల్చుకుని, కౌంటరు మీద ఓ కొత్త ఫోను, పక్కనే దాని పెట్టె పెట్టాడు.

"నేను కస్టమర్ని. ఇది నాకు అమ్ము, సూద్దాం."

ఇక్కడో ఇబ్బంది ఉంది. మాలో చేపలు పట్టేది మగవాళ్ళు, అమ్మేది ఆడవాళ్ళు. మగవాడు గంప ముందు కూర్చుంటే ఊరంతా నవ్వుతుంది. మా నాన్న పుట్టి బుద్ధెరిగాక ఒక్క చేప అమ్మలేదు. అమ్మకం అంటే నాకు తెలిసింది మా అమ్మ ఒక్కతే. చిన్నప్పుడు టెక్కలి సంతలో ఆవిడ పక్కన కూర్చునేవాణ్ణి. సరే, ఆవిడ చేసినట్టే చేద్దామనుకున్నాను.

ధర ముప్పైవేలన్నాను. పదిహేనువేలని పెట్టె మీదే అచ్చేసి ఉంది.

"పదేనుకి ఇత్తావేటి?" అన్నాడు ఓనరు.

"పొద్దున్నే దొరికావు బాబూ! పదేనుకి దీని తోక కూడా రాదు."

ఫోనుకి తోక ఉండదని అన్నాక గుర్తొచ్చింది. ఆయన నవ్వలేదు.

"అయితే వద్దులే," అన్నాడు.

బేరం ఇక్కడికొచ్చాక అమ్మ గంప నెత్తిన పెట్టుకుని, వెనక్కి చూడకుండా నడుస్తుంది. పది అడుగులు వేసేలోగా కొనేవాడు పిలుస్తాడు. నేను ఫోనుని పెట్టెలో పెట్టి, పెట్టెని చంకలో పెట్టుకుని, తలుపు తోసుకుని రోడ్డు మీదికి నడిచాను.

"ఏయ్! ఆగు! ఆగరా!"

పిలిచాడు! సంతోషంగా వెనక్కి తిరిగి, "ఎంతకి తీసుకుంతావు బాబూ?" అనడిగాను. అప్పటికే వాచ్‌మన్ నా కాలరు పట్టుకున్నాడు.

లోపల కూర్చోబెట్టారు. ఓనరు పెట్టె విప్పి, ఫోను ఉందని చూసుకుని, మూత పెట్టాడు.

"నిజం సెప్పు. నీకీ ఉద్యోగం ఎందుకు?"

బట్టీపట్టి వెళ్ళిన నాలుగు వాక్యాలూ ఎటు పోయాయో తెలియదు.

"సముద్రమంటే నాకు బయం సార్."

ఇంట్లో ఎప్పుడూ అనని మాట. పడవ ఒడ్డు దాటితే నా కాళ్ళు నా మాట వినవు. చేపలు పట్టే ఇంట్లో పుట్టి ఆ మాట పైకి అన్నందుకు సిగ్గుతో నా చెవులు మండాయి.

ఆయన ఫోను పెట్టెని తీసి అల్మరాలో పెట్టాడు.

"ఇంత బయమున్నోడు దొంగతనం సెయ్యడులే. సోమారం రా. బేరం మాత్రం ఆడకు."

ఇంటికెళ్ళి ఉద్యోగం వచ్చిందన్నాను. వల బాగుచేస్తున్న నాన్న తలెత్తలేదు.

"ఏటడిగినారు?"

"ఈ ఉద్యోగం ఎందుకని అడిగినారు."

"నువ్వేటన్నావు?"

అబద్ధం అల్లే ఓపిక లేక ఉన్నదే చెప్పేశాను. పొయ్యి దగ్గర అమ్మ చెయ్యి ఆగిపోయింది. నాన్న వేస్తున్న ముడి పూర్తిచేసి, దారం పంటితో తెంపాడు.

"నన్నెవులూ అడగనేదు గాని, నానూ అదే సెప్పుదును," అన్నాడు.